కదిలే కోళ్లగూడు: ముందు బరువు, తర్వాతే కొలతలు

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. ఇంటిని ఆనుకుని ఎకరం మామిడితోట ఉంది. ఇంట్లోకి గుడ్ల కోసం 20 కోళ్లు పెంచాలని ఉంది. ఒకేచోట గూడు కడితే వాసన, ఈగలు అని మావారు ఒప్పుకోవడం లేదు. చక్రాల మీద లాక్కెళ్లే గూళ్లు వీడియోల్లో చూశాను. మా వడ్రంగిని అడిగితే 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుతో టేకు గూడు చేస్తానన్నాడు. 2×3 అంగుళాల కర్ర 120 అడుగులు, అంగుళం మందం పలకలు, పైకి రేకులు కావాలని లెక్క రాసిచ్చాడు. గంప కింద మూస్తే పోయేదానికి ఇంత హడావుడి ఎందుకని మా అత్తయ్య అంటున్నారు. మా వైపు ముంగిసలు, కుక్కలు ఎక్కువ. ఎండల సంగతి మీకు తెలిసిందే. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. ఆ కొలతలతో చేయించమంటారా? ఏ జాలీ వేయాలి? రోజూ జరపాలా? కోళ్లు గీరితే మామిడి వేళ్లకు దెబ్బా? పుంజు తప్పకుండా ఉండాలా?

– ఒక పాఠకురాలు, ఏలూరు జిల్లా

సమాధానం:

అమ్మా, ఆ టేకు గూడు చేయించొద్దు. మీ వడ్రంగి పనితనం మీద అనుమానంతో అనడం లేదు. ఆయన రాసిచ్చిన లెక్కనే తీసుకుని బరువు కట్టి చూడండి. 2×3 అంగుళాల టేకు 120 అడుగులంటే ఒట్టి చట్రమే 90 కేజీలు దాటుతుంది. అంగుళం మందం పలకలు, రేకులు, జాలీ, చక్రాలు కలిపితే 150 కేజీల పైమాటే. తోటలో ఎత్తుపల్లాల మీద దాన్ని మీరొక్కరే లాగలేరు. మొదట్లో మీవారు సాయం పడతారు. తర్వాత రోజు విడిచి రోజు జరుగుతుంది. కొన్నాళ్లకు ఎక్కడ ఆగితే అక్కడే ఉండిపోతుంది.

అలా ఆగిపోయిన గూడు మామూలు గూటికన్నా అధ్వానం. మామూలు గూటికి గచ్చో, మందంగా పరిచిన ఊకో ఉంటుంది. దీనికి అడుగున ఉన్నది మట్టి. 60 చదరపు అడుగుల్లో 20 కోళ్లంటే ఒక్కోదానికి 3 అడుగులు. వారం తిరక్కుండానే గడ్డిపోచ మిగలదు. రెట్ట, నీళ్లు కలిసి బురదవుతుంది, వాసన మొదలవుతుంది. మీవారు దేనికి భయపడుతున్నారో సరిగ్గా అదే జరుగుతుంది.

అందుకే పొడవు, వెడల్పుల జోలికి పోకముందే ఒకటి తేల్చుకోండి. ఒంట్లో కాస్త నలతగా ఉన్న రోజు కూడా మీరొక్కరే ఎంత బరువు జరపగలరు? గూడు దాన్ని మించకూడదు. ఎన్ని కోళ్లు, ఏ కర్ర, ఏ రేకు అన్నవన్నీ దాని తర్వాతే.

మీ అత్తయ్య గారి మాట కొట్టిపారేసేది కాదు. గంపను ఒంటి చేత్తో ఎత్తొచ్చు. ఈ రోజు ఇక్కడ, రేపు అక్కడ బోర్లిస్తారు. పొద్దున్నే ఎత్తేస్తే ఆ నేల ఎండకు ఆరిపోతుంది. మనవాళ్లు ఎన్నో తరాలుగా వాడిన కదిలే గూడు అదే. అయితే ఆ రోజుల్లో గంప రాత్రి పడకకు, తల్లికోడిని పిల్లలతో మూయడానికి. పగలంతా కోళ్లు దొడ్లో, వీధిలో, పెంటకుప్ప మీద తిరిగి మేసేవి. ఇప్పుడు వీధిలో బళ్లు, గుంపులుగా కుక్కలు. గంప మీద రాయి పెట్టినా కుక్క తోసేస్తుంది. పగలూ రాత్రీ కాపలా ఉండే గూడు కావాలంటే గంప చాలదు. దాని తేలికదనం మాత్రం మనకు కావాలి.

వీడియోల గురించి కూడా ఒక మాట. ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చినవాళ్లలో అమెరికాలోని వర్జీనియాకు చెందిన జోయెల్ సలాటిన్ ఒకరు. ఆయన పొలంలో వాడే గూళ్లు 10×12 అడుగులు, ఎత్తు 2 అడుగులే. పచ్చిక మైదానంలో రోజూ వాటిని ఈడుస్తారు. అయితే అవి మాంసం కోళ్లు. సుమారు 8 వారాలకే కోతకు వెళ్లిపోతాయి. అవి గుడ్లు పెట్టక్కర్లేదు, కర్ర ఎక్కి పడుకోనక్కర్లేదు, ఏడాది పొడవునా అందులో బతకనక్కర్లేదు. మన మే నెల ఎండలో 2 అడుగుల ఎత్తు రేకు గూడు పెడితే కోళ్లు మధ్యాహ్నానికే పడిపోతాయి. కాబట్టి ఆ కొలతలు మనకు పనికిరావు. రోజూ జరపాలన్న ఒక్క సంగతే తీసుకుందాం.

కోళ్లు 6 చాలు. 20 కోళ్ల గుడ్లు మీ నలుగురైదుగురు ఎలాగూ తినలేరు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన గ్రామప్రియ పెట్టలు దాణా, నీరు సరిగ్గా ఉంటే 72 వారాల వయసు వచ్చేలోపు ఒక్కోటి 160 నుంచి 180 గుడ్ల దాకా పెడతాయి. అంటే 6 పెట్టలు గుడ్లు పెడుతున్నన్నాళ్లు రోజుకు సుమారు 3 గుడ్లు. మన నాటుకోడి ఏడాదికి 50, 60 దగ్గర ఆగుతుంది. అదే సంస్థ తెచ్చిన వనరాజా కూడా మంచిదే కానీ ఒళ్లు బరువెక్కుతుంది, మాంసానికీ గుడ్లకూ మధ్యస్థంగా ఉంటుంది. మీకు కావాల్సింది గుడ్లు కాబట్టి గ్రామప్రియే నయం.

ఇప్పుడు గూడు. కింది చట్రం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఇందులో ఒక కొసన 3 అడుగుల మేర రాత్రి గది, మిగతా 5 అడుగులు పగలు తిరిగే జాగా. రాత్రి గదిని నేల మీద పెట్టకుండా 18 అంగుళాలు పైకి లేపండి. దాంతో గది కింద నీడలో కూడా కోళ్లు తిరుగుతాయి. 32 చదరపు అడుగుల నేల మొత్తం వాటికి దొరుకుతుంది, ఒక్కో కోడికి 5 అడుగులకు పైనే. గది పైకప్పు ఒకవైపు 4.5 అడుగులు, వెనకవైపు 4 అడుగులు పెడితే వాన నీరు వెనక్కి జారిపోతుంది. తిరిగే జాగా ఎత్తు 3 అడుగులు చాలు. పైన మూతలా తెరుచుకునేట్టు చేయించుకుంటే కోడిని పట్టుకోవాలన్నా, దాణా గిన్నె తీయాలన్నా మీరు పాక్కుంటూ లోపలికి దూరక్కర్లేదు.

చట్రానికి అంగుళం ఇనుప స్క్వేర్ పైపు, 18 గేజ్, తీసుకోండి. మీటరు బరువు సుమారు 900 గ్రాములు. ఈ గూటికి 100 అడుగుల చిల్లర పడుతుంది, అంటే 30 కేజీల లోపే. నూజివీడులో ఏ వెల్డింగ్ షాపువాళ్లయినా ఒకటి రెండు రోజుల్లో చేసేస్తారు. అతుకుల దగ్గర రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేయించండి, తుప్పు పట్టేది అక్కడే. ఇనుమే ఎందుకంటే బరువు ఒక్కటే కాదు. కర్ర సందుల్లో గోమార్లు దాక్కుని రాత్రిపూట కోళ్ల రక్తం తాగుతాయి. ఒకసారి చేరాయంటే వదిలించడం చాలా కష్టం. పైపు చట్రానికి ఆ సందులు తక్కువ, చెద భయం లేదు. కర్రే వాడాలనుకుంటే చెదలు పట్టకుండా పాత ఇంజన్ ఆయిల్ పూయమని ఎవరైనా చెబుతారు. కోళ్లు ముక్కుతో పొడిచేచోట, నేలకు ఆనేచోట అది వద్దు.

రాత్రి గదికి పలకలు వద్దు. చుట్టూ జాలీ వేసి, దాని మీద బయటి నుంచి వెదురు తడికలు కట్టండి. ఎండాకాలం రెండు వైపులా విప్పేయొచ్చు, చలికాలం, వానాకాలం మళ్లీ కట్టుకోవచ్చు. తడికకూ పైకప్పుకూ మధ్య అర అడుగు జాగా ఎప్పుడూ తెరిచే ఉండాలి. కోళ్ల ఊపిరిలోని తేమ, రెట్టలోంచి వచ్చే ఘాటు అక్కడి నుంచి పోవాలి. చలి మన కోళ్లను అంతగా బాధించదు. గాలాడని గదిలో మాత్రం త్వరగా జబ్బు పడతాయి.

గది అడుగున కూడా పలక వేయకుండా అంగుళం కన్ను ఉన్న గట్టి వెల్డ్ మెష్ (తీగలు అతికించిన ఇనుప జాలీ) పరిచి, మధ్యలో ఒక అడ్డ పైపు పెట్టించండి. రెట్ట నేల మీదికి రాలిపోతుంది. మీకు కడిగే పని ఉండదు, చెట్లకు ఎరువు చేరుతుంది. ఆ మెష్ మీద అవి పడుకోవు కాబట్టి, 10 అంగుళాల ఎత్తులో వెడల్పు పొడవునా రెండు సరుగుడు కర్రలు పెట్టండి. బొటనవేలు కన్నా లావుగా, ఒకటిన్నర రెండు అంగుళాల మందం, పైభాగం నున్నగా ఉండాలి. ఒక్కో కోడికి 8 అంగుళాల చోటు లెక్కన 4 అడుగుల కర్ర ఒక్కటే 6 కోళ్లకు సరిపోతుంది. కానీ కోళ్లలో కూడా పెత్తనాలుంటాయి. బలమైన పెట్ట బలహీనమైనదాన్ని తోసేస్తుంది, దానికి రెండో కర్ర ఉండాలి. కర్ర జాలీకి మరీ దగ్గరగా ఉండకూడదు. పడుకున్న కోడి కాలో రెక్కో జాలీకి ఆనితే పిల్లి బయటి నుంచే పంజాతో లాగి చీల్చేస్తుంది. సందు మధ్యలోంచి కాళ్లు పోగొట్టుకున్న కోళ్లను చాలా పల్లెల్లో చూస్తాం.

గుడ్లు పెట్టడానికి 12 అంగుళాల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెలు రెండు చాలు. గది పక్కగోడకు బయటికి పొడుచుకొచ్చేట్టు బిగించి, ఏటవాలు మూత పెట్టండి. బయట నిలబడి మూత ఎత్తి గుడ్లు తీసుకోవచ్చు. లోపల వరిగడ్డి వేయండి. పెట్టెలు పడుకునే కర్రకన్నా కిందే ఉండాలి. పైన ఉంటే కోళ్లు రాత్రి అందులోనే పడుకుని రెట్ట వేస్తాయి, పొద్దున్న గుడ్లన్నీ మురికే.

కప్పుకు సిమెంటు రేకు వద్దు, బరువు ఎక్కువ, కుదుపులకు పగులుతుంది. పలచని ఇనుప రేకు తేలిక. దాని మీద సున్నం వేసి, వేసవిలో తాటాకో కొబ్బరాకు దడో కట్టండి. రేకు చుట్టూ అర అడుగు బయటికి ఉంటే జల్లు లోపలికి రాదు.

ఇవన్నీ కలిపి 55, 60 కేజీల మధ్య వస్తుంది. చక్రాలు సరైనచోట ఉంటే అంత బరువూ మీ చేతుల మీద పడదు. బరువంతా రాత్రి గది వైపే ఉంది కదా, చక్రాలు ఆ కొసకే పెట్టండి. మీరు రెండో కొస ఎత్తి లాగుతారు. అప్పుడు మీ చేతుల మీద పడేది 20, 22 కేజీలు. 25 కేజీల బియ్యం బస్తా ఒక కొస పట్టుకుని ఈడ్చగలిగితే దీన్నీ లాగగలరు. బజారులో దొరికే చిన్న బల్ల చక్రాలు తోటమట్టిలో దిగబడిపోతాయి. చిన్నపిల్లల సైకిల్ చక్రాలు, 12 అంగుళాలవి, పాత సామాన్ల కొట్టులో చూడండి. వాటిని చట్రం కింద కాకుండా, వెనకంచు దాటి అర అడుగు బయటికి బిగించాలి. గూడు నేల మీద కూర్చున్నప్పుడు చక్రం నేలను తాకీ తాకనట్టు ఉండాలి. మీరు ముందు కొస ఎత్తగానే వెనక చక్రం నేలను పట్టుకుని, చట్రం నేల నుంచి లేస్తుంది. దించగానే చట్రం మళ్లీ నేలకు అతుక్కుంటుంది. చక్రాలు నేరుగా చట్రం కింద బిగిస్తే గూటికీ నేలకూ మధ్య ఎప్పుడూ సందు ఉంటుంది, ముంగిసకు అదే దారి. ముందు వైపు రెండు పైపులను అడుగున్నర బయటికి వదిలితే పిడులవుతాయి.

ఇక జాలీ. మీరు అడిగిన వాటిలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కొట్లో కోళ్ల జాలీ అంటే ఆరు పలకల కన్నున్న పలచటి తీగ జాలీ ఇస్తారు. అది కోళ్లను లోపల ఉంచడానికి పనికొస్తుంది కానీ కుక్కను బయట ఉంచదు. పళ్లతో లాగితే చిరిగిపోతుంది. దాన్ని తిరిగే జాగా పైకప్పుకు మాత్రమే వాడండి, గద్దలూ కాకులూ రాకుండా. చుట్టుపక్కలంతా అర అంగుళం కన్నున్న గాల్వనైజ్డ్ వెల్డ్ మెష్, 20 గేజ్, వేయాలి. ముంగిస తల దూరినచోట ఒళ్లంతా దూర్చేస్తుంది. దానికి అంగుళంన్నర సందు చాలు. రెండు అంగుళాల కన్ను వేసి, మెష్ వేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు. అర అంగుళం కన్నులో నుంచి పెద్ద పాము కూడా రాలేదు. మెష్‌ను చట్రానికి సన్న తీగతో కట్టి వదిలేయకండి. బయటి నుంచి పలచటి పట్టీ పెట్టి బోల్టులతో బిగించమనండి.

తవ్వే జంతువుల సంగతి. ఇంటి దగ్గర కట్టే గూటికి పునాది తీస్తాం, కదిలే గూటికి అది కుదరదు. అందుకే నాలుగు వైపులా అడుగు వెడల్పు మెష్ పట్టీలను కింది పైపుకు తీగ వలయాలతో వేలాడదీయండి. గూడు దించాక వాటిని బయటికి నేల మీద పరిచి మూలల్లో ఇటుకలు పెట్టాలి. కుక్క అయినా, పందికొక్కు అయినా గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, అక్కడ కాళ్ల కింద మెష్ తగులుతుంది. అడుగు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన వాటికి సాధారణంగా రాదు. జరిపేటప్పుడు పట్టీలు పైకి మడిచి కొక్కేలకు తగిలించుకోవాలి. నేల ఎత్తుపల్లంగా ఉండి చట్రం కింద సందు కనిపిస్తే అక్కడ ఇటుకో మట్టో పెట్టకుండా వెళ్లొద్దు.

అంత చేసినా రాత్రి కాపలా తిరిగే జాగా మీద కాదు, రాత్రి గది మీద పెట్టుకోవాలి. గదిలోకి ఎక్కే నిచ్చెన దగ్గర పైకీ కిందికీ జారే పలక తలుపు పెట్టి, తాడు బయటికి తీసుకోండి. చీకటి పడగానే కోళ్లు వాటంతట అవే ఎక్కి కూర్చుంటాయి. అప్పుడు తాడు వదిలితే తలుపు పడిపోతుంది. తలుపు అడుగున ఒక పట్టీ గాడిలో కూర్చునేలా ఉండాలి, లేకపోతే ముంగిస ముక్కుతో ఎత్తేస్తుంది. గుడ్ల పెట్టె మూతలకు, పై మూతకు గడియ ఒక్కటే చాలదు, గొళ్లెంలో ఒక కొక్కెం కూడా వేయండి. గుడ్లు సాయంత్రంలోపే తీసేయండి, పాములు వచ్చేది ఎక్కువగా వాటి కోసమే.

ఎండల విషయంలో మీకు మామిడిచెట్లే పెద్ద అండ. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లో వేడి బయటికి పంపుతుంది. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, గాలి ఆడని చోట రొప్పినా ప్రయోజనం ఉండదు. మార్చి నుంచి జూన్ దాకా గూడు ఎప్పుడూ చెట్టు నీడలోనే ఉండాలి. పొద్దున నీడ ఉన్నచోటు మధ్యాహ్నానికి ఎండపాలవుతుంది, కాబట్టి పెట్టే ముందు మూడు గంటలకు నీడ ఎక్కడ పడుతుందో చూసుకుని పెట్టండి. తిరిగే జాగాలో సగం మేర ఆకుపచ్చ నీడవల వేయండి. పడమటి వైపు గోనెసంచులు కట్టి తడుపుతూ ఉండండి. నీళ్లు మట్టి మూకుడులో పోసి నీడలో పెట్టి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. మామూలు రోజుల్లో కోడి పావు లీటరు దాకా తాగుతుంది, వడగాలి రోజుల్లో దానికి రెట్టింపు తాగుతుంది. నీళ్ల గిన్నె ఒక గంట ఖాళీగా ఉన్నా ఆ రోజుల్లో ప్రమాదమే. మధ్యాహ్నం దాణా వేయకండి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి.

మీ వైపు మామిడికాయలు రాల్చే మే నెల గాలివానలు ఇలాంటి తేలిక గూళ్లను బోర్లా పడేస్తాయి. బరువు తగ్గించుకున్నందుకు ఈ జాగ్రత్త తప్పదు. నాలుగు మూలలా వలయాలు పెట్టించి, రెండడుగుల ఇనుప చువ్వలు వాలుగా నేలలో దిగ్గొట్టి తాడుతో కట్టండి. ఎండు కొమ్మలున్న చెట్టు కింద ఆ రోజుల్లో గూడు పెట్టొద్దు. తుపాను హెచ్చరిక వస్తే కోళ్లను బుట్టల్లో వేసి వరండాలోకి తెచ్చుకోవడమే మంచిది, గూటిని తర్వాత చూసుకోవచ్చు.

జరపడం ఎప్పుడంటే తెల్లవారుజామునే, నిచ్చెన తలుపు తీయకముందు. కోళ్లన్నీ పైన కర్ర మీద ఉంటాయి కాబట్టి చట్రం కింద కాలు పడడం, సందులోంచి పారిపోవడం ఉండదు. వాటి బరువు కూడా చక్రాల మీదే ఉంటుంది, మీకు తెలియదు. పట్టీలు మడవండి, ఎత్తండి, గూటి పొడవంత, అంటే 8 అడుగులు, ముందుకు లాగండి, దించండి, పట్టీలు పరవండి, తలుపు తీయండి. అలవాటయ్యాక ఐదు నిమిషాల పని. తీరిక లేని రోజు మానేసినా ఫర్వాలేదు, కానీ మూడో రోజుకు తప్పక జరగాలి.

ఎంత స్థలం కావాలో లెక్క వేస్తే మీకే ధైర్యం వస్తుంది. రోజుకు 32 చదరపు అడుగుల చొప్పున 60 రోజులకు 1,920 అడుగులు, అంటే దాదాపు నాలుగున్నర సెంట్లు. రెండు నెలల తర్వాతే మళ్లీ మొదటి చోటికి వస్తారు. ఈలోపు గడ్డి లేస్తుంది, నేల ఎండకు ఆరుతుంది. ఎకరం ఉంది కదా అని తోట చివరికి తీసుకెళ్లకండి. రాత్రి కోళ్లు అరిస్తే మీకు వినపడేంత దగ్గరలోనే తిప్పుకోండి. వాసన, ఈగల గురించి మీవారి భయానికి జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. ఈగ గుడ్డు పెట్టి అది పురుగై, ఈగై ఎగరడానికి వేసవిలో కూడా వారం పది రోజులు పడుతుంది, దానికి తడి రెట్ట కుప్పగా ఉండాలి. పలచగా పడి ఒక్క రోజులో ఎండిపోయే రెట్టలో ఈగ పెరగదు.

పెద్ద మామిడిచెట్ల వేళ్లకు భయం లేదు. ఒక్క రోజులో కోళ్లు రెండు మూడు అంగుళాలకు మించి గీరవు. మూడేళ్ల లోపు మొక్కలుంటే వాటి మొదళ్లకు మూడడుగుల దూరం పాటించండి. నిజానికి కోళ్లు చెట్ల కింద తిరగడం మీ తోటకు మంచిది. పండు ఈగ పురుగు రాలిన కాయలోంచి బయటికొచ్చి మట్టిలో దూరి, ఈగగా మారే ముందు కోశస్థ దశ అక్కడే గడుపుతుంది. కోళ్లు గీరి వాటిని ఏరుకు తింటాయి. కాయలు రాలే రోజుల్లో గూటిని పండ్ల చెట్ల కింద వరసగా తిప్పండి. పుచ్చిన కాయలు కూడా లోపల వేయండి, పురుగులన్నీ తినేస్తాయి.

అయితే పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజుల్లో కోళ్లను తోటలోకి తేవొద్దు. కోళ్లున్నాయి కదా అని మీరు మందు ఆపినా పక్క తోటవాళ్లు ఆపరు, గాలికి మీ వైపే వస్తుంది. మందు డబ్బా మీద కోతకు ముందు ఎన్నాళ్లు ఆగాలో రాసి ఉంటుంది, కనీసం అన్నాళ్లు గూడు ఇంటి ముందు వాకిట్లోనే ఉండాలి. మందు పడ్డ గడ్డి, పురుగులు తింటే కోడికి ప్రమాదం, ఆ గుడ్లు పిల్లలకు పెట్టడం ఇంకా ప్రమాదం. ముసురు పట్టిన రోజుల్లో కూడా లాగొద్దు, చక్రాలు దిగబడతాయి. నీరు నిలవని మెరక మీద ఆపి, కింద నాలుగు అంగుళాల వరి ఊక పరిచి, రెండు రోజులకోసారి తిరగేస్తూ పైన కొత్త ఊక చల్లండి.

గడ్డీ పురుగులతోనే కోళ్లు బతికేస్తాయని వీడియోల్లో చెప్పే మాట నమ్మకండి. 32 అడుగుల్లో దొరికేది తక్కువ. ఒక్కో పెట్టకు రోజుకు 100 గ్రాముల దాణా లెక్క వేసుకోండి. నూకలు, తవుడు, జొన్నలతో పాటు మాంసకృత్తులకు వేరుశనగ చెక్కో, లేయర్ దాణానో కలపాలి. గుల్లపొడి విడిగా ఒక గిన్నెలో ఎప్పుడూ ఉండాలి, లేకపోతే తోలుగుడ్లు పెడతాయి. ఇంకో గిన్నెలో బూడిద, ఇసుక కలిపి పెడితే పొర్లాడి పేలు దులుపుకుంటాయి.

రోజు పిల్లలను కొనకండి. వాటికి వెచ్చదనం, వేరే గూడు, రాత్రింబవళ్ల కాపలా కావాలి. కొక్కెర తెగులుకు, మశూచికి టీకాలు వేసి రెండు నెలల దాకా పెంచిన పెట్టలను అడిగి తెచ్చుకోండి. కొక్కెర తెగులు టీకా మళ్లీ ఎప్పుడు వేయించాలో మీ మండల పశువైద్యశాలలో అడిగి రాసుకోండి, నులిపురుగుల మందు కూడా. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు మీరంతా చూసే ఉంటారు. దాణా, నీళ్లు జాలీ లోపలే పెట్టి కాకులు, కొంగలు ముట్టకుండా చూసుకోండి. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే చేత్తో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పాలి, కాలువలో పారేయకూడదు.

తెచ్చిన తర్వాత మొదటి వారం బయటికి వదలొద్దు. గూడే ఇల్లని అలవాటు పడాలి. ఆ తర్వాత సాయంత్రం మీరు తోటలో ఉన్న గంటా రెండు గంటలు వదిలితే చీకటి పడేసరికి వాటంతట అవే చేరతాయి. ఒకటే జాగ్రత్త. గూటిని ఒకేసారి తోట ఆ కొసకు మారిస్తే కోళ్లు నిన్నటి చోటికే వెళ్లి ఖాళీ నేల మీద చీకట్లో కూర్చుంటాయి. రోజుకు 8 అడుగులైతే ఆ ఇబ్బంది ఉండదు.

కోళ్లను కొనకముందు ఖాళీ గూటిని తోటలో మీరే లాగి చూడండి, రంగు కూడా వేయించకముందే. బరువనిపిస్తే మొహమాటపడకుండా తిరిగే జాగాలో అడుగు తగ్గించి, ఒక కోడి తగ్గించుకోండి.

పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, అవి పిల్లలు కావు, అంతే. ఆరు పెట్టల చిన్న గూట్లో పుంజు ఉంటే పదేపదే ఎక్కి వాటి వీపు ఈకలు ఊడిపోతాయి. మున్ముందు పిల్లలు చేయించాలనిపిస్తే గ్రామప్రియ పెట్టల మీద ఆశ పెట్టుకోవద్దు, అవి పొదుగుకు కూర్చోవడం అరుదు. అప్పుడు ఊళ్లో ఒక మంచి నాటు పెట్టను తెచ్చుకుని, గుడ్లు బయట కొని, మీ అత్తయ్య గారి గంపలోనే వరిగడ్డి వేసి పొదిగేయొచ్చు. ఆ పని మీకన్నా ఆవిడకే బాగా తెలుసు.